కర్మాగారమున పుట్టిన హాస్యము

వేషముగాని తెరగాని తోడునటుడుగాని లేకుండ, ఒక్క మనుష్యుడు వేదికపై నిలిచి కేవలము మాటతో వందలాది జనమును నవ్వించు విద్యను నేడు స్టాండప్ కామెడీ యనుచున్నారు. ఇది పడమటినుండి దిగిన వింత యని విశాఖ యువకులు తలచుచున్నారు గాని, పొరుగుననే యున్న విజయనగరమున ఆదిభట్ల నారాయణదాసుగారి (1864–1945) హరికథలు వినిన తరమువారు ఆ మాట నొప్పుకొనియుండరు. హరికథలోనుండి పాటను, మృదంగమును తీసివేసి పిట్టకథ నొక్కదానినే మిగిల్చినచో, ఈ క్రొత్తవిద్య చాలవరకు మనకు పాతదే యగును.

ఈ విద్యలో దేశమెల్ల నెరిగిన తెలుగువాడు జానీ లీవర్. అసలుపేరు జాన్ ప్రకాశరావు జనుమల. అప్పటి నెల్లూరు జిల్లా కనిగిరిలో 1957 ఆగస్టు 14న పుట్టి, బొంబాయి ధారావి ప్రాంతమున పెరిగెను. పేదరికముచే ఏడవ తరగతితోనే చదువు మాని, వీథులలో సినీనటుల కంఠములను, నాట్యములను అనుకరించుచు కలములమ్మెను. కొనువాడు నవ్వినగాని కలము తీసికొనడు. అంతకంటె కఠినమైన పాఠశాల మరియొకటి గలదా?

పిదప తండ్రి పనిచేయుచున్న హిందుస్తాన్ లీవర్ కర్మాగారముననే కూలిపనికి కుదిరెను. అచట జరిగిన యొక సంబరమున పై యధికారులను వారి యెదుటనే అనుకరింపగా సభ యంతయు విరగబడి నవ్వెను. నాటినుండి తోటి కార్మికులు జానీ లీవర్ అని పిలువసాగిరి. రేవు, ఉక్కు కర్మాగారము ఆధారముగ షిఫ్టుల లెక్కన బ్రతుకు విశాఖవాసికి ఈ ఘట్టమును వివరింప నక్కరలేదు. అధికారి నడకను, దగ్గును, ఇంగ్లీషును చేసి చూపగల చమత్కారి యొకడైన లేని విభాగ మిచట నుండునా? అయితే క్యాంటీనులో నవ్వించుట వేరు, ఆ యధికారినే నవ్వించుట వేరు. పరిహాసమున ద్వేషపు జాడ లేనపుడే యది సాధ్యము. జానీ నిజమైన నేర్పు అదియే యని నా తలంపు.

1981లో ఉద్యోగము వదలి, కల్యాణ్‌జీ ఆనంద్‌జీల సంగీతసభలలో హాస్యము పలికెను. మరుసటియేడు వారితోను అమితాబ్ బచ్చన్‌తోను విదేశములు తిరిగెను. ‘హసీ కే హంగామే’ యను క్యాసెట్టు ఆతని కంఠమును ఇంటింటికి చేర్చెను. 1993లో ‘బాజీగర్’ తరువాత చిత్రములు వందలకొలదిగ వచ్చెను, అవి యెల్లరెరిగినవే.

కుమార్తె జేమీయు అనుకరణహాస్యముతో వేదికల నెక్కుచున్నది. జనుమల యను ఇంటిపేరును గాక, తండ్రికి కర్మాగారమువారు పెట్టిన లీవర్ పేరునే ఆమెయు ధరించినది.