వీడియో ఆట - భూభారము

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రమునందు అలమొగోర్డో అను చిన్న పట్టణము కలదు. 1945 జూలై 16వ తేదీన ప్రపంచమున మొట్టమొదటి అణుబాంబు పరీక్ష జరిగినది ఆ పేరుగల ఎడారి మైదానముననే. ఒక ఊరిపేరు చరిత్రలో నిలుచుటకు అది చాలును. కాని 1983 సెప్టెంబరులో ఆ ఊరి చెత్తగుంటవద్ద ఒక వింత ఖననము గూడ జరిగినది. పొరుగున టెక్సాస్ రాష్ట్రమునందున్న ఎల్ పాసో నగరము నుండి లారీలు వరుసగా వచ్చి, వీడియో ఆటల కార్ట్రిడ్జీలను ఆ గుంటలో గుమ్మరించి పోయినవి. పెట్టె విప్పని క్రొత్త సరకు గూడ అందుండెను. ఈ కబురు విని ఊరి పిల్లలు గుంటలోనికి దిగి, దొరికినది దొరికినట్లు ఏరుకొనసాగిరి. అంతట దానిపై మట్టి కప్పి, పైన కాంక్రీటు పోయించిరి.

ఆ సరకు అటారీ కంపెనీది. టెలివిజనుకు తగిలించి ఆడుకొను ఆటయంత్రములను ఇంటింటికి చేర్చినవారిలో వారు అగ్రగణ్యులు. స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన 'ఇ.టి.' చలనచిత్రము 1982 జూన్‌లో విడుదలయి పిల్లలను, పెద్దలను గూడ ముగ్ధులను చేసినది. ఆ కథను ఆటగా మార్చు హక్కు జూలై నెలాఖరునకు గాని అటారీకి దక్కలేదు. క్రిస్మసు పండుగనాటికి సరకు అంగళ్లలో ఉండితీరవలెను. హోవర్డ్ స్కాట్ వార్షా అను యువకునకు ఆ పని ఒప్పగింపబడినది. అంతకుముందు 'యార్స్ రివెంజ్' అను ఆటను అతడు ఏడు నెలలు శ్రమించి రూపొందించెను. దీనికి దొరికిన వ్యవధి అయిదు వారములు. ఆట అంతయు ఎనిమిది కిలోబైట్లలో ఇమిడినది. ఈ వ్యాసమును తెలుగు అక్షరములలో కంప్యూటరునందు దాచవలెనన్నను ఆ చోటు చాలదు.

వార్షా గడువులోపల పని ముగించెను. ఒక్కడు అయిదు వారములలో అంతపని చేయుట సామాన్యము కాదు. అతనిని తప్పుపట్టుట న్యాయము గాదు. చలనచిత్రమునకు వచ్చిన పేరును చూచి, ఆట ఎట్లున్నను అమ్ముడుపోవునని లెక్కగట్టి, లక్షలకొలది ప్రతులు తయారు చేయించినవారు వేరు. ఆ ఆటలో ఇ.టి. అడుగడుగున గోతులలో పడుచుండును; పైకి వచ్చుట కష్టము. ఆడువారు విసిగిపోయిరి. సరకు అంగళ్లనుండి తిరుగుముఖము పట్టినది. అదే సమయమున అమెరికాలో వీడియో ఆటల వ్యాపారమంతయు కుప్పకూలినది. గోతులలో పడు ఆట తుదకు తానే గోతిలో పడినది.

ఆపైన ముప్పది సంవత్సరములపాటు ఇది నిజమో కట్టుకథయో తేల్చుకొనలేక జనులు వాదులాడుకొనిరి. 2014 ఏప్రిల్ 26వ తేదీన, ఒక డాక్యుమెంటరీ చిత్రము నిమిత్తము, ఆ చెత్తగుంటను త్రవ్వించిరి. పురావస్తు శాస్త్రజ్ఞులు గూడ వచ్చి, శాతవాహనుల కాలపు కుండపెంకులను పరీక్షించునంత శ్రద్ధగా ఆ ప్లాస్టిక్ పెట్టెలను పరీక్షించిరి. ఆనాడు ఖననమును జరిపించిన కంపెనీ అధికారి, పాతిపెట్టిన కార్ట్రిడ్జీలు 7,28,000 అని చెప్పెను. బయటికి తీసినవి వాటిలో పదమూడువందల ప్రాంతము మాత్రమే. 'ఇ.టి.'తో పాటు 'సెంటిపీడ్', 'మిసైల్ కమాండ్' వంటి ఆటలును దొరికినవి. కొన్నిటిపై ముద్రించిన బొమ్మల రంగులు గూడ వెలసిపోలేదు. దుమ్ము రేగుచున్న ఆ ఎడారిలో, గుంట ఒడ్డున నిలిచి చూచుచున్నవారిలో వార్షా కూడ నుండెను. అప్పటికి అతడు ఆటలపని మానుకొని మానసిక చికిత్సకుడైనాడు. తన చేతిపని ముప్పదియొకటవ ఏట చెత్తనుండి లేచివచ్చుట చూచు భాగ్యము, లేక దౌర్భాగ్యము, ఎందరు రచయితలకు కలుగును?

తరువాత ఒక ప్రతిని స్మిత్‌సోనియన్ సంస్థవారు తమ మ్యూజియమునకు స్వీకరించిరి. మిగిలిన లక్షలాది ప్రతులు నేటికిని ఆ మట్టిలోనే యున్నవి. ప్లాస్టిక్ కుళ్లదు గదా.

వీడియో ఆట యనగా తెరపై మెరసి మాయమగు వెలుగు మాత్రమేయని, దానికి బరువు లేదని తలచువారికి ఆ గుంట ఒక సమాధానము. అయితే నేడు కార్ట్రిడ్జీ ఎక్కడనున్నది, ఆట ఇంటర్నెట్టు ద్వారా దిగుమతి యగుచున్నది గదా యని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమే. సమాధానము మాత్రము వారు ఊహించినంత సులభము కాదు. 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, బ్రిటనులో 2010నాటి పరిస్థితులను తీసుకొని లెక్కించి చూచిరి. ఆట పెద్దదైనప్పుడు, దానిని ఇంటర్నెట్టుపై తెప్పించుకొనుటకంటె డిస్కుపై ముద్రించి లారీలో అంగడికి పంపుటయే తక్కువ కర్బనమును విడుదల చేయునని తేలినది. 1.3 గిగాబైట్లకు లోబడిన చిన్న ఆటలకు మాత్రమే దిగుమతి మేలైనది. పిమ్మట ఇంటర్నెట్టు యంత్రముల పొదుపు ఎంతో పెరిగినది గనుక ఆ అంకెలు నేటికి వర్తింపవు. కాని ఆటలును ఊరకుండలేదు. నూరు గిగాబైట్లు మించినవి ఇప్పుడు వింత కాదు. వార్షా ఆటవంటివి కోటికి పైగా ఆ చోటులో పట్టును.

అసలు భారము విద్యుత్తు వద్ద కనబడును. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలకు చెందిన ఇవాన్ మిల్స్, అతని సహచరులు లెక్కించినదానినిబట్టి, 2016 ప్రాంతమున ఆ దేశమున ఆటలకు ఏటేటా ఖర్చగు విద్యుత్తు 3,400 కోట్ల యూనిట్లు. వారి పరిశోధనలో మరొక ముఖ్యవిషయము బయటపడినది: ఒకే యంత్రముపైన ఒక ఆటకు ఖర్చగు విద్యుత్తుకు, మరొక ఆటకు ఖర్చగు విద్యుత్తుకు చాల తేడా ఉన్నది. అనగా బాధ్యత యంత్రమును చేసినవానిది మాత్రమే కాదు, ఆటను రూపొందించినవానిది గూడ.

ఈ లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థి వేయదగినదే. ప్లేస్టేషన్ 5 వంటి యంత్రము పెద్ద ఆటను నడుపునపుడు సుమారు 200 వాట్లు తీసుకొనును. పాతరకపు సీలింగు ఫ్యానులు రెండున్నర తిరిగినట్లు. అయిదు గంటల ఆటకు ఒక యూనిట్. టెలివిజను ఖర్చు వేరు. చేతబట్టుకొని ఆడు నింటెండో స్విచ్ వంటి చిన్నయంత్రమునకు పది వాట్లకు అటునిటుగా సరిపోవును. చిత్రము ఆ రెంటను ఒకే స్పష్టతతో ఉండదు, నిజమే. ఆనందము మాత్రము ఇరువదింతలు తగ్గినదని ఆడు పిల్లవాడెవడును చెప్పడు.

ఇంత విద్యుత్తు ఎట్లు ఖర్చగును? తెరపై కదలిక కనబడుటకు యంత్రము సెకనుకు ముప్పది, అరువది, ఒక్కొకప్పుడు నూటయిరువది బొమ్మలు గీయవలెను. ప్రతి బొమ్మకు కోట్లాది గణితక్రియలు అవసరము. ఆటగాడు ఆట నిలిపి భోజనమునకు లేచిపోయినను, కదలని ఆ పట్టికనే యంత్రము సెకనుకు అరువదిమార్లు మరల మరల గీయుచు కూర్చుండును. తోలుబొమ్మలాట ముగిసి ఊరివారు ఇండ్లకు పోయిన పిమ్మట తెరవెనుక దివిటీలకు తెల్లవార్లు నూనె పోయుచుండిన ఎట్లుండును? ఇది అట్టిది. దీనిని మాన్పించుట రూపకర్తకు పెద్దపని కాదు. ఆటగాడు లేనప్పుడు బొమ్మల సంఖ్యను, స్పష్టతను తగ్గించిన చాలును. 2023లో మైక్రోసాఫ్ట్ కంపెనీ తన ఎక్స్‌బాక్స్ యంత్రమునకు ఆటలు వ్రాయువారికి ఇట్టి వృథాను కొలిచి చూపు సాధనములను ఇచ్చినది. 'ఫోర్ట్‌నైట్' నిర్మాతలు, ఆటగాడు ఆట మొదలుపెట్టక ఊరకున్నపుడు చిత్రపువేగము తగ్గునట్లు మార్పు చేసిరి. ఆటగాండ్రలో పలువురు ఈ మార్పును గమనించియే యుండరు.

అదే సంవత్సరము జనవరిలో మైక్రోసాఫ్ట్ మరియొక మార్పు చేసినది. అంతవరకు ఆ యంత్రములలో అనేకము, ఆపివేసినను నిద్రావస్థలోనుండి పది మొదలు పదునైదు వాట్లు త్రాగుచుండెడివి. రోజున ఇరువది గంటలు నిద్రించు యంత్రము ఈ విధముగా పావు యూనిట్ వరకు మ్రింగును. అది ఒక గంటసేపు ఆడిన ఖర్చుకు తక్కువ కాదు. క్రొత్త ఏర్పాటులో యంత్రము నిజముగా ఆగిపోవును. అర వాటు చాలును. మరల తెరచుకొనుటకు కొద్ది క్షణములు ఆలస్యమగును, అంతే. ఇంతమాత్రమునకే అమెరికాలో కొందరు రాజకీయ నాయకులు, పిల్లల ఆటవస్తువులను లాగుకొనుచున్నారని కేకలు వేసిరి! ఇష్టమైనవారు పాతపద్ధతికి మరలుకొనవచ్చునన్న సంగతి ఆ కేకలలో వినబడలేదు.

ఇక ప్రకృతిరక్షణను కథావస్తువుగా గ్రహించు ఆటలు వేరొక తెగ. వాటిలో దక్షిణాఫ్రికాలోని ఫ్రీ లైవ్స్ సంస్థవారు 2023లో వెలువరించిన 'టెర్రా నిల్' చెప్పదగినది. సాధారణముగా నగరనిర్మాణపు ఆటలలో అడవి కొట్టి ఊరు కట్టుట విజయము. ఇందులో బీడుభూమిని చిగురింపజేసి, నదులను పారించి, చిట్టచివరకు అందుకు తోడ్పడిన యంత్రములన్నిటిని విప్పి తీసికొనిపోవలెను. ఆ చివరిభాగము ఒక కవికి తట్టదగిన ఊహ. అయినను చెట్లు నాటుట నేర్పు ఆటలకంటె, ఏమియు బోధింపక నిశ్శబ్దముగా విద్యుత్తును పొదుపు చేయు ఆటయే భూమికి ఎక్కువ మేలు చేయుననుటకు కారణము కలదు. బోధ వినినవాడు మారవచ్చును, మారకపోవచ్చును. రూపకర్త మార్చిన ఒక చిన్న అమరిక లక్షలాది ఇండ్లలో ఆ రాత్రియే అమలునకు వచ్చును.

తెలుగునాట పిల్లలలో అధికులు ఆడునది సెల్‌ఫోనుపైన. ఫోను త్రాగు విద్యుత్తు స్వల్పము. అది రామగుండములోనో ఇబ్రహీంపట్టణములోనో మండిన బొగ్గునుండి వచ్చినదైనను ఆ లెక్క చిన్నదే. ఫోను భారమంతయు దాని పుట్టుకలోను, చావులోను ఉన్నది: గనులనుండి లోహములు తీయుట, చిప్పులు తయారుచేయుట, పనికిరానినాడు పారవేయుట. పాతఫోనుపై నడువని ఆట యొకటి వచ్చిన, బాగుగానున్న ఫోను చెత్త యగును. 2023 ఏప్రిల్ నుండి అమలులోనున్న భారతప్రభుత్వపు ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలు వీడియో ఆటయంత్రములను గూడ తమ పట్టికలో చేర్చి, వాటిని శుద్ధిచేయించు పూచీ తయారీదారులపై పెట్టినవి. పాతఫోనుపై గూడ నడువగల ఆటను వ్రాయుమని మాత్రము ఏ నిబంధనయు శాసింపజాలదు. అది రూపకర్త అభిరుచికి సంబంధించినది.

అట్టి అభిరుచిగల ఒకడు జపానులో నుండెను. నింటెండో కంపెనీలో పనిచేసిన గుంపే యోకోయీ, సరిక్రొత్త సాంకేతికముల వెంట పరుగెత్తక, పాతబడి చవుకయైనవానిని క్రొత్త ఉపయోగమునకు త్రిప్పుకొనుట మేలని నమ్మెను. అతని నాయకత్వమున 1989లో వెలువడిన 'గేమ్ బాయ్' యంత్రపు తెరకు రంగులు లేవు, వెలుగు లేదు. అయినను నాలుగు చిన్న బ్యాటరీలతో పది గంటలకు పైగా ఆడుకొనవచ్చును. మరుసటి యేట రంగులతెరతో వచ్చిన పోటీయంత్రము 'గేమ్ గేర్' ఆరు బ్యాటరీలను నాలుగైదు గంటలలో ఖాళీ చేసెడిది. ఆ బ్యాటరీలన్నియు చెత్తయే యనుకొనుడు. అయినను ఏది తక్కువ చెత్తయో స్పష్టమే. యోకోయీ భూరక్షణ నుద్దేశించి ఈ పని చేయలేదు. తక్కువ ధర, ఎక్కువ మన్నిక అతని లక్ష్యములు. 'గేమ్ బాయ్', దాని రంగుల తమ్ముడు కలసి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. గల్ఫ్ యుద్ధకాలమున కాలి, పైడొప్ప కరగిన గేమ్ బాయ్ ఒకదానిని నింటెండోవారు న్యూయార్కులోని తమ అంగడిలో చాలకాలము ప్రదర్శనకు ఉంచిరి. దాని తెరపై 'టెట్రిస్' ఆట నడుచుచునే యుండెడిది.