రాష్ట్రాలకు విదేశీ వ్యవహారాల అధికారి ఉండవచ్చా?

జగిత్యాల: విదేశీ వ్యవహారాలు కేంద్రం పరిధిలోనివని రాజ్యాంగం స్పష్టంగా చెబుతుండగా, ఒక రాష్ట్ర ప్రభుత్వం వాటి కోసం ఐఏఎస్ అధికారిని ఎలా నియమించింది? 2024 జులైలో కేరళలో చెలరేగిన ఈ వివాదం అక్కడితో ముగిసేది కాదు. గల్ఫ్ వలసలు అధికంగా ఉన్న జగిత్యాల, నిజామాబాద్, రాజన్న సిరిసిల్ల జిల్లాలకూ, కువైట్ బాట పట్టే కడప, కోనసీమ ప్రాంతాలకూ ఇది సంబంధించిన అంశమే. ఎడారి దేశంలో కొడుకు మరణిస్తే తల్లిదండ్రులు ఏ కార్యాలయం తలుపు తట్టాలన్న ప్రశ్న దీని వెనుక ఉంది.

ఉత్తర్వులో ఉన్నదేమిటి?

2024 జులై 15న కేరళ సాధారణ పరిపాలన శాఖ ఒక ఉత్తర్వు జారీ చేసింది. కార్మిక, నైపుణ్యాభివృద్ధి శాఖ కార్యదర్శిగా ఉన్న కె.వాసుకికి విదేశీ సహకారానికి సంబంధించిన అంశాలను అదనపు బాధ్యతగా అప్పగించింది. సాధారణ పరిపాలన శాఖలోని రాజకీయ విభాగం ఆమెకు సహకరించాలని, ఢిల్లీ కేరళ హౌస్‌లోని రెసిడెంట్ కమిషనర్ విదేశాంగ శాఖతోనూ, రాయబార కార్యాలయాలతోనూ సమన్వయానికి తోడ్పడాలని అందులో పేర్కొంది.

కొత్త నోటిఫికేషన్ లేదు, పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. ఉన్న అధికారికే మరో పని అప్పగించారు. అయినా 'కేరళకు విదేశాంగ కార్యదర్శి' అన్న ప్రచారం మొదలైంది. రాష్ట్ర భాజపా నేతలు దీన్ని రాజ్యాంగ ఉల్లంఘనగా విమర్శించారు. నాటి ప్రధాన కార్యదర్శి వి.వేణు వివరణ ఇస్తూ, విదేశాంగ కార్యదర్శి నియామకమేదీ జరగలేదని, విదేశీ సంస్థలు, ప్రతినిధి బృందాలతో సమన్వయం కోసం ఈ విభాగం అంతకుముందే ఉన్నదని తెలిపారు. ఆ బాధ్యతలు చూసిన సుమన్ బిల్లా కేంద్ర సర్వీసుకు వెళ్లడంతో వాసుకికి అప్పగించినట్లు వెల్లడించారు.

కేంద్రం మాత్రం శాంతించలేదు. జులై 25న విదేశాంగ శాఖ అధికార ప్రతినిధి రణధీర్ జైస్వాల్ ఏడో షెడ్యూలును ఉటంకించారు. కేంద్ర జాబితాలోని పదో అంశం ప్రకారం విదేశీ వ్యవహారాలు పూర్తిగా కేంద్రానివేనని, ఇవి ఉమ్మడి జాబితాలోనివి కూడా కావని, రాష్ట్రాలు తమ పరిధి దాటరాదని ఆయన స్పష్టం చేశారు.

గీత ఎక్కడుంది?

కేంద్ర జాబితాలో పదో అంశం ఒక్కటే కాదు. దౌత్య, వాణిజ్య ప్రతినిధుల నియామకం పదకొండోది. ఒప్పందాలు కుదుర్చుకోవడం పద్నాలుగోది. వలసలు, పాస్‌పోర్టులు, వీసాలు పంతొమ్మిదోది. అందువల్ల రాష్ట్ర అధికారి ఏ హోదాలో ఉన్నా మరో దేశంతో సంధిపత్రంపై సంతకం చేయలేరు, రాయబారిని పంపలేరు, చిక్కుల్లో ఉన్న కార్మికుడి తరఫున అక్కడి ప్రభుత్వంతో అధికారికంగా చర్చించలేరు.

అయితే లేఖ రాయవచ్చు, ఢిల్లీలో ఫైలు వెంట తిరగవచ్చు, పెట్టుబడిదారుల బృందాన్ని ఆహ్వానించవచ్చు, కుటుంబం నుంచి కావలసిన పత్రాలను త్వరగా తెప్పించవచ్చు. ఈ సంప్రదింపుల అవసరాన్ని కేంద్రమూ గుర్తించింది. రాష్ట్రాలతో సమన్వయానికి విదేశాంగ శాఖ 2014 అక్టోబరులో ప్రత్యేకంగా రాష్ట్రాల విభాగాన్ని ఏర్పాటు చేసింది. ఢిల్లీలో ఒక కొస ఉన్నప్పుడు రాష్ట్ర రాజధానిలో రెండో కొస పట్టుకునే అధికారి ఉండటంలో తప్పు కనిపించదు. కేరళ వివాదంలో పని కన్నా పేరే ఎక్కువ రచ్చ చేసిందనాలి.

మంగాఫ్ విషాదం

ఈ ఉత్తర్వుకు సుమారు నెల ముందు, 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు నివసించే భవనం అగ్నికి ఆహుతైంది. రెండు రోజుల తర్వాత 45 మంది భారతీయుల మృతదేహాలను వాయుసేన విమానంలో కొచ్చికి తీసుకొచ్చారు. మృతుల్లో అత్యధికులు మలయాళీలు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ముగ్గురు కూడా ఉన్నారు. బాధితులను పరామర్శించేందుకు కువైట్ బయలుదేరిన నాటి కేరళ ఆరోగ్య మంత్రి వీణా జార్జ్ కొచ్చి విమానాశ్రయం వరకు వెళ్లి ఆగిపోయారు. కేంద్రం నుంచి అనుమతి రాలేదు. కేంద్ర విదేశాంగ సహాయ మంత్రి కీర్తివర్ధన్ సింగ్ అప్పటికే కువైట్ చేరుకుని ఏర్పాట్లు పర్యవేక్షిస్తున్నారు.

రాష్ట్ర మంత్రికే ఈ పరిమితి ఉంటే కార్యదర్శి హోదా అధికారికి ఎంత వెసులుబాటు ఉంటుందో ఊహించవచ్చు.

దౌత్యవేత్తా, ఐఏఎస్ అధికారా?

ఎవరిని ఎంచుకోవాలన్నది తరచూ మరుగున పడే ప్రశ్న. కేరళ రెండు మార్గాలూ ప్రయత్నించింది. 2021లో నెదర్లాండ్స్ మాజీ రాయబారి వేణు రాజామణిని విదేశీ సహకారానికి ప్రత్యేకాధికారిగా ఢిల్లీలో నియమించింది. గతంలో దుబాయ్‌లో కాన్సుల్ జనరల్‌గా పనిచేసిన ఆయనకు గల్ఫ్ కార్మికుల వెతలు, రాయబార కార్యాలయాల పనితీరు రెండూ తెలుసు. 2022లో ఉక్రెయిన్ నుంచి విద్యార్థులు తిరిగివచ్చిన రోజుల్లో ఈ అనుభవం అక్కరకొచ్చింది.

విశ్రాంత రాయబారికి విదేశాంగ శాఖలో పాత పరిచయాలుంటాయి. కానీ సచివాలయంలో ఆయనకు సొంత శాఖ ఉండదు, తహసీల్దారుకు ఆదేశం వెళ్లాలంటే మరొకరి సంతకం కావాలి. ఐఏఎస్ అధికారి సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. కలెక్టరు నుంచి గ్రామ రెవెన్యూ వరకు మాట చెల్లుతుంది, రాయబార కార్యాలయం మాత్రం కొత్త. పైగా కార్మిక శాఖ వంటి పెద్ద శాఖ నడుపుతున్నవారికి ఇది 'అదనపు' బాధ్యతే అయితే, ఫైళ్ల గుట్టలో ఏది అడుగుకు చేరుతుందో చెప్పనవసరం లేదు. పూర్తికాల అధికారి, ఢిల్లీలో ఆయనకొక సహాయకుడు ఉంటేనే ప్రయోజనం. ప్రవాసుల కోసం 1996లోనే 'నోర్కా' పేరిట ప్రత్యేక శాఖ నెలకొల్పిన కేరళ కూడా ఇక్కడ తడబడింది.

మన దగ్గర

తెలంగాణలో ప్రవాసుల వ్యవహారాలను సాధారణ పరిపాలన శాఖలోని ఎన్నారై విభాగానికి అప్పగించారు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు రూ.5 లక్షల చొప్పున సాయం అందించేందుకు ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వులిచ్చింది. హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కూడా అదే సమయంలో మొదలైంది.

మృతదేహం రావాలంటే అక్కడి మరణ ధ్రువపత్రం, పోలీసు నివేదిక, యజమాని నుంచి బకాయిల లెక్క, రాయబార కార్యాలయం నిరభ్యంతర పత్రం కావాలి. ఇవన్నీ అక్కడివి. కుటుంబ సమ్మతి పత్రం ఇక్కడిది. ఏ ఒక్కటి ఆలస్యమైనా పెట్టె కదలదు. రాయబార కార్యాలయాలకు ఫిర్యాదు చేసేందుకు 2015లో కేంద్రం 'మదద్' వెబ్‌సైట్‌ను తెచ్చింది. చదువురాని తల్లిదండ్రుల తరఫున అందులో వివరాలు నింపి, జవాబు వచ్చేదాకా వెంటపడే బాధ్యత ఎవరిదో జిల్లా స్థాయిలో తేల్చవలసి ఉంది.

దళారుల విషయంలోనూ బాధ్యతలు ఇలాగే విడిపోయి ఉన్నాయి. విదేశీ ఉద్యోగాల ఏజెంట్లకు లైసెన్సు ఇచ్చేది కేంద్రం. లైసెన్సు లేకుండా పల్లెల్లో తిరిగి డబ్బు వసూలు చేసేవాడిని పట్టుకోవలసింది స్థానిక పోలీసులు. పోలీసు శాఖ రాష్ట్ర జాబితాలో రెండో అంశం.