బొగ్గుబాయి పైన ఇల్లు ఎందుకు ఒరుగుతుంది?

భూగర్భ గనిలో బొగ్గు తీసిన చోట ఖాళీ మిగులుతుంది. పైనున్న రాతిపొరలు విరిగి అందులో పడతాయి. వాటిపై పొరలు వంగుతాయి. చివరికి నేల కుంగుతుంది. హైదరాబాద్ దగ్గరి బుద్వేల్, శంషాబాద్ వైపు ఈ బెడద లేదు. అక్కడి నేల కింద ఉన్నది గ్రానైటు, అందులో బొగ్గు ఉండదు. గోదావరి లోయలో మాత్రం ఇసుకరాయి పొరల నడుమ బొగ్గు పరచుకుని ఉంది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర దాన్ని గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. అదే నేటి సింగరేణి.

సింగరేణి భూగర్భ గనుల్లో చాలాకాలం సాగింది స్తంభాల పద్ధతి. ముందు సొరంగాలు తవ్వి, మధ్యలో బొగ్గు స్తంభాలను వదులుతారు. అవి గట్టిగా ఉన్నంతకాలం నేల నిలుస్తుంది. తర్వాత స్తంభాలనూ తీసేస్తారు. దీన్ని డిపిల్లరింగ్ అంటారు. ఖాళీ అయిన చోటు గోఫ్. దాని పైకప్పు కూలడంతో కుంగుబాటు మొదలవుతుంది.

కుంగిన నేల లోతు తక్కువ పళ్లెంలా ఉంటుంది. దాని నడుమ ఉన్న ఇల్లు దాదాపు నిటారుగానే కిందికి దిగుతుంది. అంచున ఉన్న ఇంటికే ఎక్కువ ముప్పు. అక్కడ నేల సాగి బీటలు వారుతుంది. ఇంటి ఒక కొస ఎక్కువగా, మరో కొస తక్కువగా దిగి గోడలు ఒరుగుతాయి.

ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్‌లోని హిమ్లీ దగ్గర ‘క్రుకెడ్ హౌస్’ ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. 1765లో రైతు ఇల్లుగా కట్టిన ఆ భవనం తర్వాత పబ్ అయింది. కింద బొగ్గు తవ్వడంతో ఒక కొస దాదాపు 4 అడుగులు కుంగింది. 1940లలో కూల్చివేయాలన్నా, ఒక బీరు తయారీ కంపెనీ ఊతగోడలతో నిలబెట్టింది. లోపల నాణెం పైకి దొర్లుతున్నట్టు కనిపించేది. వంపు తిరిగిన గోడలు కంటిని మోసగించడమే కారణం. 2023 ఆగస్టు 5న అగ్నికి ఆహుతై, రెండు రోజులకే నేలమట్టమైంది. తిరిగి కట్టాలని స్థానిక మండలి 2024లో ఉత్తర్వు ఇచ్చింది.

నివారణకు ముఖ్యమైనది ఇసుక నింపడం. ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా గోఫ్‌లోకి పంపుతారు. నీరు కారిపోయాక ఇసుక పైకప్పుకు ఆసరా అవుతుంది. అది కొంత అణిగినా, కుంగుబాటు బాగా తగ్గుతుంది. ఇళ్లు, రోడ్లు, రైలు మార్గాలకు 45 మీటర్ల లోపు తవ్వాలంటే ముందే అనుమతి పొందాలని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు చెప్పాయి. జనావాసాల కింద స్తంభాలను ఎప్పటికీ తీయకుండా వదలడం మరో మార్గం. బొగ్గు కొంత నష్టమైనా, పైనున్న ఊరు నిలుస్తుంది.