లైపోసక్షన్ – ‘లోకల్ మత్తు’: తెలుగు వ్యవహార పదాల అర్థపరిశీలన

వ్యాససంగ్రహం:
శరీరాకృతిని తీర్చిదిద్దే లైపోసక్షన్ చికిత్సను రోగిని నిద్రపుచ్చకుండా, కొవ్వు తీసే భాగాన్ని మాత్రమే మొద్దుబార్చి చేసే విధానం ఉంది. తెలుగు వ్యవహారంలో దీనిని ‘లోకల్ మత్తు’ ఇచ్చి చేయడం అంటారు. ఈ చికిత్సను గురించి వాడే ‘కొవ్వు తీయడం’, ‘మత్తు’, ‘లోకల్’ అనే మాటలు రోగికి ఏ అర్థాన్ని అందిస్తాయో, దేనిని మరుగుపరుస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లైపోసక్షన్, మత్తు, లిగ్నోకైన్, సమ్మతి, వైద్యపరిభాష, వరంగల్.

1. ఉపోద్ఘాతం:
‘నువ్వు నాకు నచ్చావ్’ (2001) చిత్రంతో తెలుగువారికి పరిచయమైన నటి ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్ల వయసులో మరణించారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నట్లు పత్రికలు రాశాయి. ఆ మరణానికీ చికిత్సకూ గల సంబంధాన్ని నిర్ణయించడం ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. అయితే ఆ రోజుల్లో ‘లైపోసక్షన్’ అనే మాట తెలుగు వార్తల్లో పదేపదే వినిపించింది. ఆ మాటకు రోగి ఏ అర్థం చెప్పుకుంటాడన్నది చట్టపరంగానూ ముఖ్యమే. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు తెలిసి ఇచ్చినదే నిజమైన సమ్మతి అని సమీరా కోహ్లీ కేసులో (2008) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రోగికి ఇవన్నీ తెలియవలసింది అతని భాషలోనే.

2. ‘కొవ్వు తీయడం’:
1920లలో ఫ్రాన్సులో ఒక నర్తకి కాళ్ల ఆకృతిని సరిదిద్దబోయిన శస్త్రచికిత్స వికటించి, చివరకు కాలు తీసివేయవలసివచ్చింది. 1970లలో ఇటలీలో ఫిషర్, ఫ్రాన్సులో ఇలూజ్ సన్నని గొట్టంతో కొవ్వును పీల్చే పద్ధతిని రూపొందించారు.

‘కొవ్వు తీస్తారు’ అనగానే తెలుగువారికి తోచేది సన్నబడటం. వరంగల్ వాడుకలో చెప్పాలంటే ‘బక్కగవుడు’. ఈ చికిత్స లక్ష్యం బరువు తగ్గించడం కాదు. చర్మం కింద ఒకచోట పేరుకున్న కొవ్వును తీసి, ఆకృతిని సరిచేయడం. బొజ్జ లోపల పేగుల చుట్టూ ఉండే కొవ్వును ఆ గొట్టం తాకదు. స్థూలకాయం గల 15 మంది స్త్రీలపై అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. సుమారు 10 కిలోల కొవ్వు తీసినా, 10–12 వారాల తరువాత వారిలో ఇన్సులిన్ పనితీరుగాని, రక్తపోటుగాని మెరుగుపడలేదు. కనుక షుగరు తగ్గుతుందన్న ఆశతో ఈ చికిత్సకు వచ్చే రోగికి ఆ మాట ముందే చెప్పాలి.

3. ‘మత్తు’:
తెలుగులో ‘మత్తు’ నిద్రకూ, కల్లు తాగినవాని స్థితికీ, శస్త్రచికిత్సకు ముందిచ్చే మందుకూ ఒకటే మాట. ‘మత్తు సూది’ అంటే తెలివి తప్పుతుందని రోగి అనుకోవడం సహజం. కేవలం లోకల్ అనస్థీషియాతో చేసినప్పుడు రోగి మెలకువతోనే ఉంటాడు, మాట్లాడగలడు. నొప్పి తెలియకపోయినా, లోపల గొట్టం కదలడం తెలుస్తుంది. పంటి వైద్యుని వద్ద చిగురు మొద్దుబారిన అనుభవం చాలామందికి ఉంటుంది. అందువల్ల ఇక్కడ ‘మత్తు’ కంటే ‘మొద్దుబార్చడం’ సరైన మాట.

4. ‘లోకల్’:
‘లోకల్’ అనే మాట వాడుకలో ‘చిన్నది’, ‘భయం లేనిది’ అనే అర్థఛాయను సంతరించుకుంది. అసలు ప్రమాదం ఈ అర్థఛాయలోనే ఉంది. కాలిఫోర్నియాకు చెందిన చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1985లో ఆరంభించి, 1987లో ప్రకటించిన టుమెసెంట్ పద్ధతి దీనికి ఆధారం. టుమెసెంట్ అంటే ఉబ్బిన అని అర్థం. లీటరు సెలైన్‌లో 500 నుండి 1000 మిల్లీగ్రాముల లిగ్నోకైన్, సుమారు 1 మిల్లీగ్రాము అడ్రినలిన్, మంట తగ్గడానికి సోడియం బైకార్బనేట్ కలిపి, ఆ భాగం ఉబ్బి గట్టిపడేదాకా ఎక్కిస్తారు. అడ్రినలిన్ రక్తనాళాలను కుదిస్తుంది. అందువల్ల రక్తస్రావం తగ్గుతుంది, మందు రక్తంలోకి మెల్లగా చేరుతుంది.

అడ్రినలిన్‌తో కలిపి మామూలుగా ఇచ్చే లిగ్నోకైన్‌కు పరిమితి శరీరం బరువులో కిలోకు 7 మిల్లీగ్రాములు. అంటే 60 కిలోల వ్యక్తికి 420. టుమెసెంట్ పద్ధతిలో అమెరికా చర్మవైద్యుల మార్గదర్శకాలు కిలోకు 55 వరకు అనుమతించాయి. అదే వ్యక్తికి ఇది 3300 మిల్లీగ్రాములు, దాదాపు ఎనిమిది రెట్లు. మొద్దుబారేది ఒక చోటే అయినా, మందు మెల్లగా ఒళ్లంతా చేరుతుంది.

రక్తంలో ఈ మందు గరిష్ఠస్థాయికి చేరేది సుమారు 12 గంటల తరువాత. ఉదయం చికిత్స జరిగితే, ఆ సమయానికి రోగి ఇంట్లో రాత్రి భోజనం ముగించి ఉంటాడు. నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నాలుకపై లోహపు రుచి, తల తిరగడం, మాట ముద్దగా రావడం మొదటి సూచనలు. ముదిరితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. ఎరిత్రోమైసిన్, కీటోకొనజోల్ వంటి మందులు వాడేవారిలో లిగ్నోకైన్ విరుగుడు మరింత మందగిస్తుంది. ‘చిన్న ఆపరేషనే కదా’ అనుకున్న రోగి తాను వాడే మందుల సంగతి చెప్పడు. ఇంటివారు ఆ రాత్రి కనిపెట్టుకొని ఉండరు.

5. వరంగల్ – వైద్యవిద్య, ప్రజలభాష:
వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల 1959 నుండి ఉంది. తెలంగాణ ఆరోగ్య విశ్వవిద్యాలయానికీ ఈ నగరమే కేంద్రం. ఆ విశ్వవిద్యాలయం కాళోజీ నారాయణరావు పేరు ధరించింది. ప్రజలు మాట్లాడే పలుకుబడికే గౌరవం దక్కాలని వాదించిన కవి ఆయన. ఆయన జన్మదినమైన సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం. వైద్యవిద్య ఇంగ్లీషులో సాగినా, రోగితో సంభాషణ సాగేది ‘సూది’, ‘తిమ్మిరి’, ‘కండ్లు తిరుగుడు’ అనే మాటల్లోనే. పైన చెప్పిన ప్రమాద సూచనలన్నింటికీ ఈ పలుకుబడిలో మాటలు ఉన్నాయి. సమ్మతిపత్రం వాటిని వాడుకుంటే చాలు, కొత్త సంస్కృత సమాసాలను కల్పించనక్కరలేదు.

6. ముగింపు:
1. ఈ చికిత్సను ‘సన్నబడటం’గా కాక ‘ఆకృతి దిద్దడం’గా వివరించాలి.
2. ‘లోకల్ మత్తు’ అని ఊరుకోక, ‘ఆ చోటును మందునీటితో ఉబ్బించి మొద్దుబారుస్తాం, మీరు మెలకువగానే ఉంటారు’ అని చెప్పాలి.
3. రోగి బరువు, దాని ప్రకారం ఇవ్వదగిన గరిష్ఠ మోతాదు, నిజంగా ఇచ్చిన మోతాదు సమ్మతిపత్రంలోనూ చికిత్స పత్రంలోనూ అంకెలతో ఉండాలి.
4. మొదటి రాత్రి కనిపెట్టవలసిన లక్షణాలను ఇంటివారికి తెలుగులో రాసి ఇవ్వాలి.

వైద్యపరిభాషా నిర్మాణం నిఘంటువుల పని మాత్రమే కాదు. సంతకం పెట్టే ముందు రోగి చదివే కాగితంలోనూ అది జరగాలి.