గవిరికి బెల్లం ముక్క పెట్టొద్దు!

మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. పొద్దున్నే మంచం దిగి మొదటి నాలుగడుగులు వేసేటప్పుడు చూడాలి ఆవిడ అవస్థ! వంటింటి గుమ్మం దాకా వచ్చేసరికి కాస్త సర్దుకుంటాయి. గవిరిని చూసినప్పుడు నాకు అత్తయ్యే గుర్తొచ్చింది. (ఈ మాట ఆవిడతో అనలేదు లెండి!)

గవిరి ఒక ఆడగుర్రం. మావారి ఉద్యోగం పాడేరులో. మాకు రాజ్మా, పసుపు తెచ్చిచ్చే తాత వాళ్ళది హుకుంపేట అవతల కొండ మీద ఊరు. జీపు దారి సగంలోనే ఆగిపోతుంది. అక్కణ్ణించి డిపో బియ్యం పైకి వెళ్ళాలన్నా, కాఫీ బస్తాలు, మిరియాలు కిందికి దిగాలన్నా గుర్రమే దిక్కు. అరకులో పర్యాటకులు ఎక్కి ఫోటోలు దిగే గుర్రాలు వేరు, ఇవి వేరు. ఈ కొండల్లో గుర్రం ఇంట్లో సంపాదించే మనిషితో సమానం.

గవిరికి ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయని పళ్ళు చూసి చెప్పారు పశువుల డాక్టరు. అంటే మన లెక్కన ముసలమ్మే. సంతకి వచ్చినప్పుడల్లా నేను దానికో బెల్లం ముక్క పెట్టేదాన్ని. అన్నం వార్చిన గంజి పోసేదాన్ని. మూగజీవం, పాపం, ఇంత బరువు మోస్తోంది కదా అని!

రెండేళ్ళ క్రితం, తొలివానలకి కొండంతా లేతగడ్డి మొలిచిన రోజుల్లో, తాత ఒక్కడే వచ్చాడు.

"నడవనేకపోతందమ్మా. కీళ్ళనొప్పే గదాని రోజూ నడిపిత్తన్నాను. నడిపిత్తే సదురుకుంటాదనుకున్నా. ఇంకా ఎక్కువయిపోనాది" అన్నాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, అత్తయ్య నొప్పి మాత్రలు నాలుగు పొట్లం కట్టి ఇవ్వబోయాను. మావారు చెయ్యి పట్టుకుని ఆపారు. అవి డైక్లోఫెనాక్ మాత్రలు. ఆ మందు పడిన పశువు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతున్నాయని పశువులకి వాడకుండా 2006లోనే మన ప్రభుత్వం నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లు కూడా ఆ జాబితాలో చేరాయి. గుర్రానికి ఏ నొప్పి మందు, ఎంత అన్నది డాక్టరే తేల్చాలి.

1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. వస్తే మాత్రం? రోడ్డు దాకానే కదా! నడవలేని గుర్రం కొండ ఎలా దిగుతుంది? చివరికి డాక్టరే కొండెక్కారు, వెనకాలే మేమూ. గవిరి ముందుకాళ్ళు బారజాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడి ఉంది. డాక్టరు డెక్క మీద అరచెయ్యి పెట్టి, నన్నూ పెట్టి చూడమన్నారు. కాలుతోంది! డెక్కకి కాస్త పైన, కాలి వెనకవైపు వేలు ఆనిస్తే నాడి దడదడ కొట్టుకుంటోంది.

"కీళ్ళవాతం ఉన్న మాట నిజమే. కానీ ఇప్పుడొచ్చింది లామినైటిస్" అన్నారు.

ఆయన చెప్పినదంతా అక్కడే రాసుకున్నాను. (కథలు రాసేవాళ్ళకి ఇదో జబ్బు.) డెక్క అంటే మన గోరులాంటిదే. లోపలి ఎముకనీ బయటి గోరునీ పట్టి ఉంచేవి పుస్తకంలో కాగితాల్లాంటి సన్నని పొరలు. అవి వాచి పట్టు వదిలితే, ఒంటి బరువు మోసే ఎముక లోపలే కిందికి జారుతుంది. ఒళ్ళు చేసిన గుర్రానికి, తీపి, గింజలు, లేతగడ్డి ఎక్కువగా తిన్న గుర్రానికి ఇది తొందరగా వస్తుంది. ఒకసారి వస్తే మళ్ళీ మళ్ళీ వస్తుంది. గంజీ బెల్లమూ పెట్టిన చేతులు నావే కదా, తలెత్తలేకపోయాను.

అసలు చిక్కేమిటంటే, కీళ్ళవాతానికి నడక మందు. లామినైటిస్‌కి అదే నడక విషం! రెండూ ఒకే ఒంట్లో ఉంటే? కీళ్ళకి సూదిమందు స్టెరాయిడ్ ఇవ్వొచ్చుగానీ, దానివల్ల లామినైటిస్ తిరగబెట్టే ప్రమాదం ఉందని డాక్టరు వెనకాడారు.

తేడా పోల్చుకోవడం మనమూ నేర్చుకోవచ్చు. కీళ్ళనొప్పి అయితే మా అత్తయ్యలాగే మొదట బిగుసుకుని, నడిచినకొద్దీ వదులవుతుంది. లామినైటిస్ అయితే రాళ్ళ మీదా, మలుపు తిరిగేటప్పుడూ బాధ పెరుగుతుంది. డెక్క వేడెక్కి నాడి గట్టిగా కొట్టుకుంటే ఆ రోజు అడుగు కూడా వేయించకూడదు. మెత్తగా మందంగా గడ్డి పరిచి నిలబెట్టి, డాక్టరుకి కబురు చెయ్యాలి. చల్లగా ఉంటే మెత్తటి నేల మీద, బరువు లేకుండా, రోజుకి రెండుసార్లు నెమ్మదిగా నడిపించాలి.

తిండి మాటకొస్తే, రెండు వందల కిలోల గుర్రానికి రోజుకి సుమారు మూడు కిలోల ఎండుగడ్డి. అదీ గంటసేపు నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే చక్కెర కొంత పోతుంది. ఒళ్ళు తగ్గాలని పస్తులు మాత్రం ఉంచకూడదు, రక్తంలో కొవ్వు పెరిగి ప్రాణం మీదికొస్తుంది. శీతాకాలం మన కొండల మీద మంచు పేరుకున్న పొద్దుల్లో పచ్చిగడ్డి వద్దన్నారు. రాత్రి చలికి గడ్డి ఎదగదు, పగలు తయారైన చక్కెర అందులోనే ఉండిపోతుందట.

ఇదంతా విని తాత కొడుకు ఊరుకోలేదు. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు, పని సెయ్యని గుర్రాన్ని ఎన్నాళ్ళు మేపుతామమ్మా? కాఫీ బస్తాలు ఎవులు మోత్తారు?" అన్నాడు. అతన్ని ఎలా తప్పు పట్టగలం? ఆ ఏడు కాఫీ బస్తాలు అతనూ, భార్యా తలల మీదే దించారు. తాత మాత్రం, "దాని కూలి డబ్బుల్తోనే నిన్ను సదివించాను" అన్నాడంతే. గవిరి సంతకి పోలేదు.

ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్కలు సరిచెయ్యాలి. పెరిగిన డెక్క ఆ పొరల్ని లాగేస్తుంది, కీళ్ళ మీదా బరువు పెంచుతుంది. ఆకురాయి ఎంత మేర పట్టాలో డాక్టరు గీత గీసి చూపించారు. ఇప్పుడా పని చేసేది తాత కొడుకే!

మొన్న వెళ్ళినప్పుడు తాత మనవరాలు గవిరి డెక్క మీద చెయ్యి పెట్టి చూసి, "సల్లగే ఉన్నాది" అంటూ పగ్గం పట్టుకుని నడిపించుకెళ్ళింది. గవిరి నా దగ్గరికొచ్చి, అలవాటు మర్చిపోకుండా, సంచీ వాసన చూసింది. అందులో ఉన్న బెల్లం ముక్క మనవరాలి చేతిలో పెట్టేశాను.