నడుముకు తుపాకీ, కలెక్టర్ చేతిలో నిర్ణయం

పరిశోధన పని మీద ఒక పల్లెకు వెళ్లినప్పుడు, అట్రాసిటీ కేసులో సాక్షిగా ఉన్న పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. "తమ్ముడూ, బయటికి కనపడకుండా పెట్టుకునే తుపాకీల్లో ఏది మంచిదంట?" అని అడిగాడు. ఆయనకు బెదిరింపులు వస్తున్నాయి. కోర్టు వాయిదాకు ఒంటరిగా వెళ్లాలి. నవ్వి వదిలేసే ప్రశ్న కాదది.

ముందు ఆయన అడిగిన దానికే జవాబు. మన దేశంలో 9 ఎంఎం, .38 వంటివి నిషిద్ధ బోర్లు. మామూలు పౌరులకు వాటి లైసెన్సు ఇవ్వరు. ఆత్మరక్షణకు ఎక్కువమంది తీసుకునేది .32 రివాల్వర్ లేదా పిస్టల్. రివాల్వర్ వాడకం సులువు. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతది వస్తుంది. పిస్టల్ పలచగా ఉండి బట్టల కింద ఇముడుతుంది, కానీ తూటా ఇరుక్కుంటే తీయడం రావాలి. 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం మహిళల కోసమని తెచ్చిన 'నిర్భీక్' రివాల్వర్ బరువు అర కిలో. అప్పటి ధర సుమారు రూ.1.22 లక్షలు. కూలి మీద బతికే ఇంటికి ఎంపిక ఇక్కడే ఆగిపోతుంది.

తుపాకీతో పాటు ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ కావాలి. ఉత్త జేబులో వేసుకుంటే సొంత కాలికే ప్రమాదం. 2016 ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లోనో సంచిలోనో పూర్తిగా కప్పి ఉండాలి. అంటే దాచి ఉంచుకోవడం ఇక్కడ వెసులుబాటు కాదు, షరతు. ఇంట్లో తాళం వేసిన పెట్టె తప్పనిసరి.

అసలు మెలిక లైసెన్సు దగ్గర ఉంది. జిల్లాలో కలెక్టర్, కమిషనరేట్ పరిధిలో పోలీసు కమిషనర్ దీన్ని ఇస్తారు. అంతకుముందు పోలీసు నివేదిక కావాలి. ఫిర్యాదు తీసుకోవడానికే తిప్పించుకున్న స్టేషన్ ఇప్పుడు మన భయం నిజమని రాయాలి. అయితే తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 1959 ఆయుధ చట్టం 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. నిరాకరిస్తే కారణం రాయాలి. దానిపై అప్పీలు చేసుకోవచ్చు.

ఎవరి భయం నిజమో అధికారి తేల్చే పద్ధతి ఎలా పనిచేస్తుందో అమెరికా నల్లజాతి చరిత్ర ఒకసారి చూపించింది. 1956 జనవరిలో అలబామాలోని మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటిపై బాంబు వేశారు. తర్వాత ఆయన తుపాకీ దాచి తీసుకెళ్లే అనుమతి కోరితే స్థానిక అధికారులు ఇవ్వలేదు.

మన దగ్గర ఒక ప్రత్యేక నియమం ఉంది. అత్యాచారాల నిరోధక నియమాలు, 1995లోని 3వ నియమం ఆయుధాల విషయంలో మూడు పనులు చెబుతుంది. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలు కానివారి, వారి దగ్గరి బంధువుల, పనివాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి తుపాకులు ప్రభుత్వానికి జమ చేయించాలి. అక్రమ ఆయుధాలన్నీ స్వాధీనం చేసుకోవాలి. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇవ్వాలి. మనవాళ్లలో చాలామందికి తెలిసింది చివరిదే. నా ఉద్దేశంలో ఎక్కువ బలమున్నవి మొదటి రెండు.

ఎందుకంటే 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల మీదికి వచ్చింది ఒక్క మనిషి కాదు, గుంపు. ఆరు తూటాలు గుంపును ఆపవు. పైగా ఊళ్లో ఉద్రిక్తత పెరిగే ఎన్నికల సమయంలోనే లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో జమ చేయమంటారు. కాల్చాల్సి వస్తే, అది ఆత్మరక్షణే అని కోర్టులో నిలబడి చెప్పుకోవాల్సిన భారమూ మనదే.

అందుకే ఆ పెద్దాయనకు తుపాకీ పేరు చెప్పలేదు. కలెక్టర్‌కు, ఎస్పీకి ఒకే అర్జీ రాశాం: ఎదుటివాళ్ల లైసెన్సులు పరిశీలించండి, అక్రమ ఆయుధాలు వెతకండి, అవసరమైతే నాకు లైసెన్సు ఇవ్వండి. 15ఏ సెక్షన్ కింద సాక్షికి రక్షణ, ప్రయాణ ఖర్చులు ఇవ్వాలని ప్రత్యేక కోర్టుకు ఇంకొకటి రాశాం. ముద్ర వేసిన నకళ్లు దాచుకోమన్నాను.

మర్నాడు ఆయన వాటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చొక్కా లోపల దోపుకుని వాయిదాకు వెళ్లాడు.