ముళ్లపొదకు జంకని ఒళ్లు

గడ్డం, గుబురు కనుబొమలు, గరుకు బొచ్చు... జర్మన్ వైర్‌హెయిర్డ్ పాయింటర్ అనే వేటకుక్క ఒంటి మీద సోకు కోసం పుట్టింది ఏదీ లేదు. ఉన్నదంతా పని కోసమే!

ఫొటోలో చూస్తే దువ్వెన ఎరగని కుక్కలా ఉంటుంది. వీపు నిమిరితే అసలు సంగతి తెలుస్తుంది. పైబొచ్చు తీగముక్కల్లా బిరుసుగా, ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. వేళ్లతో పాయ తీస్తే అడుగున దట్టమైన మెత్తటి నూగు. పైపొర పొడవు 2 నుంచి 4 సెంటీమీటర్లు. ముళ్లు, గాలివాన దాని మీదే ఆగిపోతాయి. నూగు చన్నీళ్లను చర్మం దాకా రానివ్వదు. చలికాలం ఒత్తుగా పెరిగి, ఎండాకాలం పలచబడుతుంది. పొదల్లోకి ముందుగా దూరేది మూతే కాబట్టి అక్కడ గడ్డం, కళ్లకు కాపలాగా కనుబొమలు!

అన్ని పనులకూ ఒక్కటే

19వ శతాబ్దం చివర్లో జర్మనీ వేటగాళ్లు అన్ని పనులకూ పనికొచ్చే ఒకే కుక్కను కోరుకున్నారు. పొలంలో పక్షి వాసన పట్టి కదలకుండా నిలబడి చూపించాలి. చెరువులో పడిన బాతును ఈదుకెళ్లి తేవాలి. గాయపడిన జంతువును నెత్తుటి జాడ పట్టి వెతకాలి. ‘హెగెవాల్డ్’ కలం పేరుతో రాసిన జిగిస్ముండ్ ఫాన్ జెడ్లిట్జ్ ఈ ఆలోచనను ప్రచారం చేశారు. పుడెల్‌పాయింటర్, గ్రిఫాన్ కోర్తల్స్, స్టిషెల్‌హార్, కుర్జ్‌హార్ జాతుల నుంచి మేలైన గుణాలను ఏరి కలిపారు. 1902లో ఈ జాతికి సంఘం ఏర్పడింది. డ్రాట్‌హార్ అని అక్కడివాళ్లు పిలిచే ఈ కుక్కను పెంపకానికి వాడాలంటే రూపం నచ్చితే చాలదు, వేట పరీక్షల్లోనూ నెగ్గాలని ఆ సంఘం పట్టుబట్టింది.

కొలతల్లోనూ అదే తూకం. మగకుక్క ఎత్తు 61–68 సెంటీమీటర్లు, ఆడకుక్కది 57–64. ఒంటి పొడవు ఇంచుమించు ఎత్తుకు సమానం. మించినా 3 సెంటీమీటర్లలోపే. లోతైన ఛాతీ, దగ్గరగా ముడుచుకున్న వేళ్లు, గట్టి పాదాలు. రంగు గోధుమ, లేదా తెలుపు వెంట్రుకలతో కలగలిసిన గోధుమ లేక నలుపు.

గడ్డం గుట్టు

కుక్కల బొచ్చులో కనిపించే తేడాల్లో అత్యధికం మూడే జన్యువుల ఫలితమని 2009లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. వాటిలో గడ్డాన్నీ కనుబొమలనూ ఇచ్చేది ఆర్‌ఎస్‌పీఓ2. దానితోపాటు పొట్టి బొచ్చు లక్షణం కూడా ఉంటే వెంట్రుక బిరుసెక్కుతుంది.

ఈ బొచ్చుకు కత్తెర పడదు. చచ్చిన వెంట్రుకలను చేత్తో పీకాలి; కత్తిరిస్తూ పోతే బిరుసు తగ్గి మెత్తబడుతుంది.

గడ్డం ముచ్చటగా ఉందని ఈ కుక్కను కొనాలనుకునేవారికి ఒక్క మాట. ఇది రోజంతా పరుగెత్తడానికి పుట్టిన జాతి. మన ఎండల్లో, అపార్ట్‌మెంట్ బాల్కనీలో కట్టిపడేస్తే దానికది శిక్షే. ఏ కుక్కనైనా ఇంటికి తెచ్చుకునే ముందు దాని ఒళ్లు ఏ పని కోసం తయారైందో తెలుసుకోండి. ఆ పనికి తావివ్వగలిగితేనే తెచ్చుకోండి.